తెల్ల పళ్లెంలో ఏలూరు కాలువ

మొన్న ఫిబ్రవరిలో ఒక సాయంత్రం కాలేజీ నుంచి వచ్చేసరికి మా అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర, ట్యూబ్‌లైట్ చుట్టూ గోడ మసి పూసినట్టు నల్లగా ఉంది. దగ్గరికెళ్ళి చూస్తే పురుగులు. వందలకు వందలు. రెండో అంతస్తు ఆంటీగారు చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని మెట్లెక్కుతూ, "చూశారా మేడమ్, అన్నీ కాలువ దోమలే. రేపు పిల్లలకి డెంగీ వస్తే ఎవరు చూస్తారు?" అన్నారు. నేను చెప్పులు విప్పేలోపే వాట్సాప్ గ్రూపులో ఫాగింగ్ మిషన్ ఫోటో పడింది. ఇంటికి రెండొందలు.

మాది బెజవాడలో గుణదల. ఇంటి వెనకే ఏలూరు కాలువ. వాసన వస్తే కిటికీ వేసుకోవడం, దోమలొస్తే కాలువని తిట్టుకోవడం మా వీధిలో అందరికీ అలవాటే, నాక్కూడా. కానీ నేను చెప్పేది జువాలజీ కాబట్టి ఆ రోజు చేతులూరుకోలేదు. వంటింట్లోంచి గాజు గ్లాసు తెచ్చి ఒక పురుగు మీద బోర్లించాను.

గోడమీద వాలిన దోమ వెనక కాళ్ళు పైకెత్తి కూర్చుంటుంది. ఇది ముందు కాళ్ళు ఎత్తి ఉంది, దణ్ణం పెడుతున్నట్టు. మూతి దగ్గర దోమకుండే పొడుగాటి సూది లేదు. తలమీద రెండు బుల్లి ఈకల్లాంటి మీసాలు, అంటే మగది. ఇవి కుట్టవు, మగదైనా ఆడదైనా. దోమకి దూరపు చుట్టం, పేరు కైరోనోమస్. గ్లాసు పట్టుకెళ్ళి ఆంటీగారికి చూపించి ఇదంతా చెప్పాను. ఆవిడ ఓపిగ్గానే విన్నారు. విని, "కుట్టకపోతే కుట్టకపోయాయి. ఇన్ని ఎందుకున్నాయి?" అన్నారు.

నాలుగేళ్ళుగా క్లాసులో నన్నెవరూ ఇంత మంచి ప్రశ్న అడగలేదు.

జవాబు కాలువ అడుగున ఉంది. ఈ పురుగు పిల్లగా ఉన్నన్నాళ్ళూ అడుగు బురదలో చిన్న గొట్టంలాంటి గూడు కట్టుకుని బతుకుతుంది. ఎర్రగా, దారప్పోగంత సన్నగా, అరంగుళం పొడుగు. అక్వేరియం షాపులో 'బ్లడ్ వర్మ్స్' అని చేపల మేతకి డబ్బా కట్టి అమ్మేది దీన్నే. ఆ ఎరుపు మన రక్తంలో ఉండే ఎరుపే, హీమోగ్లోబిన్. కీటకాల్లో ఇది చాలా అరుదు. నీటిలో ప్రాణవాయువు అడుగంటిపోయినా ఉన్న కాస్తని పట్టి దాచుకోవడానికి దీనికి ఆ ఎరుపు పనికొస్తుంది.

ప్రాణవాయువు ఎందుకు అడుగంటుతుంది? మురుగు కలిసిన నీటిలో బ్యాక్టీరియా విందు చేసుకుంటుంది, ఆ విందుకి ఆక్సిజన్ ఖర్చవుతుంది. దానికి తోడు మన ఎండ. 20 డిగ్రీల దగ్గర లీటరు మంచినీటిలో దాదాపు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీలకి అది ఏడున్నరకి పడిపోతుంది. చలిదేశపు కాలువకీ బెజవాడ కాలువకీ ఒకే కొలత మురుగు పోశారనుకోండి, మన కాలువకే ముందు ఊపిరాడదు. అప్పుడు మిగతావన్నీ చచ్చిపోతాయి, లేదా కొట్టుకుపోతాయి. ఎర్ర పురుగు మిగులుతుంది. తినడానికి బురద నిండా కుళ్ళు, తనని తినేవాళ్ళు ఎవరూ లేరు. ఇక పెరగక ఏం చేస్తుంది? మా మెట్ల గోడ మీద ఆ రోజు వాలింది ఆ కాలువ రిపోర్టు. ఇంటికి రెండొందలు పోగేసి మేం ఆ రిపోర్టు మీద పొగ కొట్టించాం.

వేసవిలో కాలువలు కట్టేశాక నా అనుమానం తీర్చుకోవడానికి దిగాను. మా కాలేజీ ల్యాబ్‌లో తెల్ల ఎనామిల్ పళ్లేలు కొన్ని ఊరికే పడున్నాయి. ల్యాబ్ తలుపు తీసి ఎన్నాళ్ళయిందో అడక్కండి. ఒక పళ్లెం, ఇంట్లోంచి పాత పిండి జల్లెడ, ఒక మగ్గు. నీళ్ళు పోయి మడుగులు మిగిలిన చోట ఒడ్డునే నిలబడి చారెడు బురద జల్లెడలో తీసి, నీళ్ళతో జాడించి, మిగిలింది పళ్లెంలో వేసి కదలకుండా చూడటం. అంతే పని. మొదటి రెండు నిమిషాలు ఏమీ కనపడదు, చెత్తే. ఈ రెండు నిమిషాల ఓపికే కష్టం. తర్వాత చెత్తలోంచి ఒక పోగు వంకర తిరుగుతుంది. ఇంకోటి. కళ్ళకి పట్టు దొరికాక పళ్లెమంతా కదులుతుంది.

నా పళ్లెంలో పడినవి: ఎర్ర పురుగులు, లెక్క పెట్టడం మానేశాను. వెంట్రుకల్లాంటి ట్యూబిఫెక్స్ పాములు, ఉండచుట్టుకుపోయి. ఇవి తల బురదలో పెట్టి తోక నీటిలో ఊపుతుంటాయి, ఊపిరి తోకతోనే కాబట్టి. రెండు జలగలు. తోక స్థానంలో పొడుగాటి గొట్టం ఉన్న తెల్లటి లావు పురుగొకటి, ఆ గొట్టం నీటిపైకి పెట్టి గాలి పీలుస్తుంది. పళ్లెంలో దొరికిన జాతులు మొత్తం అయిదారు. ఒక్కోదానివి మాత్రం గుంపులు గుంపులు.

పక్క ఆదివారం అదే జల్లెడ, అదే పళ్లెం పట్టుకుని ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణా నది ఒడ్డుకి వెళ్ళాను. అక్కడ చారెడు ఇసుక బురదలో ఎర్ర పురుగులు మూడో నాలుగో. వాటి పక్కన తూనీగ పిల్ల ఒకటి. తూనీగ రెక్కలొచ్చేదాకా నీళ్ళలోనే పెరుగుతుందని చాలామందికి తెలియదు. ఆకుల ముక్కలా పడుంది. పుల్లతో తాకగానే వెనకనుంచి నీళ్ళు చిమ్మి రాకెట్‌లా పళ్లెం అవతలి అంచుకి పోయింది. దాని మొప్పలు పేగు చివర ఉంటాయి, ఊపిరి తీసే దారే పారిపోయే దారి. ఇంకా మూడు తోకల మేఫ్లై పిల్లలు. ఇవి పొట్టకి రెండు పక్కలా ఆకుల్లాంటి మొప్పలు టపటపలాడిస్తూ ఉంటాయి. రెక్కలొచ్చాక దీనికి తినే నోరుండదు, ఒక రోజో అంతకన్నా తక్కువో బతికి గుడ్లు పెట్టి పోతుంది. మొనదేలిన నత్తలు, అద్దంలా ఒళ్ళు కనపడే చిట్టి రొయ్యలు, బొటనవేలంత ఆల్చిప్ప. జాతులు పదిహేను దాటాయి. ఏదీ గుంపుగా లేదు.

ఈ రెండు పళ్లేల మధ్య దూరం బైక్ మీద పావుగంట.

ఇలా జీవుల్ని చూసి నీటిని అంచనా వేయడం నేను కనిపెట్టిందేం కాదు. జర్మనీలో కోల్క్‌విట్జ్, మార్సన్ అనే ఇద్దరు ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే దీనికి బాట వేశారు. బ్రిటన్‌లో 1976లో కూర్చున్న ఒక బృందం పురుగుల కుటుంబాలకి 1 నుంచి 10 దాకా మార్కులు వేసింది. మురుగుని అస్సలు ఓర్చుకోలేని మేఫ్లైలకి 10, తూనీగలకి 8, మంచినీటి ఆల్చిప్పలకి 6, ఎర్ర పురుగుకి 2, ట్యూబిఫెక్స్ జాతి పాములకి 1. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కూడా దాన్ని మన నదులకి తగ్గట్టు మార్చి, నీటిని ఏ నుంచి ఈ దాకా అయిదు తరగతులుగా చెప్పే పద్ధతి తయారుచేసింది. పద్ధతి కాగితం మీద ఉంది. మా వీధి కాలువ దగ్గర జల్లెడ పట్టుకుని నిలబడిన మనిషిని మాత్రం నేనెప్పుడూ చూడలేదు, నన్ను తప్ప. నన్ను చూసినవాళ్ళు ఏదో ఉంగరం పోయిందనుకున్నారు.

సీసాలో నీళ్ళు పట్టి ల్యాబ్‌కి పంపడం తప్పని నేననను. రసాయనాలు పట్టాలంటే అదే దారి. కాకపోతే సీసా చెప్పేది ఆ క్షణం సంగతి. రాత్రి రెండింటికి ఎవరో ట్యాంకర్ తెచ్చి కాలువలోకి వదిలి పోతే, పొద్దున పదింటికి పట్టిన సీసాకి ఆ సంగతి తెలియదు. అడుగున ఉన్నవాటికి తెలుసు, అవి ఎక్కడికీ పోలేవు కాబట్టి. ఎర్ర పురుగు దగ్గర రెండు మూడు వారాల చిట్టా ఉంటుంది. తూనీగ పిల్ల దగ్గర నెలల చిట్టా. ఆల్చిప్ప దగ్గర ఏళ్ళ చిట్టా ఉంటుంది, చిప్ప మీద గీతలతో సహా. బొటనవేలంత ఆల్చిప్ప బతికి దొరికిందంటే, అది పుట్టిన దగ్గర్నుంచి ఆ నీళ్ళు ఎక్కువ రోజులపాటు పూర్తిగా చచ్చిపోలేదన్నమాట. ఇంత నమ్మకమైన సాక్ష్యం ఏ సీసా ఇస్తుంది?

ఇక దోమల సంగతి. ఆంటీగారు భయపడింది దోమలకే, ఆ భయం ఉత్తది కాదు. మురుగు కాలువల్లో పెరిగే క్యూలెక్స్ దోమ నిజంగానే ఉంది, బోదకాలు మోసేది అదే. అయితే దాని పిల్ల నీటిలో కరిగిన ఆక్సిజన్ మీద ఆధారపడదు. తలకిందులుగా వేలాడుతూ, తోక దగ్గరి గొట్టం నీటి పైకి పెట్టి బయటి గాలే పీలుస్తుంది. దాన్ని తినే తూనీగ పిల్ల మాత్రం నీటిలోని ఆక్సిజన్‌తోనే బతకాలి. మురుగు కలిపినప్పుడు ఎవరికి ఊపిరాడదో, ఎవరికి ఏమీ కాదో ఇప్పుడు చూడండి. దోమకి మనం చేస్తున్న మేలు ఇంతా అంతా కాదు. దాని శత్రువుల్ని మనమే ఏరేసి, దాని పిల్లలకి తిండి పెట్టి, తర్వాత పొగ వదులుతున్నాం. ఆ పొగకి ఎగిరే తూనీగలూ పోతాయి. పొగ తర్వాత దోమ వారం పది రోజుల్లో మళ్ళీ తయారవుతుంది. తూనీగకి నెలలు పడుతుంది.

గంబూషియా చేపల గురించి కూడా అడుగుతారు. అమెరికా నుంచి వచ్చిన ఈ చేప దోమ పిల్లల్ని తింటుందని దేశమంతా వదిలారు, మన దగ్గరా వదులుతారు. తింటుంది, అబద్ధం కాదు. మూసిన తొట్లలో, వాడని బావుల్లో పెట్టుకోవచ్చు. కాలువలోనో చెరువులోనో వదిలితే అది దోమ పిల్ల, మేఫ్లై పిల్ల, నీటి ఈగలు, వేరే చేపల గుడ్లు అని తేడా చూడదు. నోటికి పట్టిందల్లా తింటుంది. ప్రపంచంలో అత్యంత హానికరమైన చొరబాటు జీవులు వందంటూ పెట్టిన జాబితాలో దాని పేరుంది.

ఇక్కడ నాకు నేనే ఒక అడ్డు చెప్పుకోవాలి. నీటి పురుగులన్నీ మంచివని వెనకేసుకొస్తే మా అమ్మమ్మ పైనుంచి నవ్వుతుంది. ఆవిడది కర్నూలు జిల్లా. ఆవిడ కాలి మడమ పైన పాత మచ్చ ఒకటి ఉండేది, నారి కురుపుది. చిన్నప్పుడు ఆ మచ్చ మీద వేలు పెట్టి కథ చెప్పమనేదాన్ని. తెల్లటి దారంలాంటి పురుగు కురుపులోంచి తల బయటపెడితే, చిన్న పుల్లకి చుట్టి రోజుకింత లాగేవారట. తెగితే కాలంతా వాచి మంచం పట్టడమే. ఆ పురుగు ఒంట్లోకి వచ్చేది సైక్లాప్స్ అనే ఆవగింజకన్నా చిన్న నీటి జీవి ద్వారా. దిగుడుబావిలో నీళ్ళు తాగినప్పుడు సైక్లాప్స్ కూడా కడుపులోకి పోతుంది. దాదాపు ఏడాదికి కాలిలో కురుపు లేస్తుంది. మంట తగ్గుతుందని అదే బావిలో కాలు పెడితే పురుగు తన పిల్లల్ని వదులుతుంది, వాటిని మళ్ళీ సైక్లాప్స్ తింటుంది. మన రాష్ట్రం కూడా ఆ జబ్బున్న రాష్ట్రాల్లో ఒకటి. 1980ల్లో మొదలైన కార్యక్రమంతో దాన్ని తరిమేశారు. దేశంలో ఆఖరి కేసు 1996లో రాజస్థాన్‌లో వచ్చింది, 2000లో దేశానికి నారి కురుపు లేదన్న ధ్రువీకరణ వచ్చింది.

ఎలా తరిమారు? కొన్ని బావుల్లో మందు వేశారు, నిజమే. కానీ ముఖ్యమైన పని చేసింది గుడ్డ. నీళ్ళు వడకట్టి తాగమన్నారు, మెట్లున్న బావుల్లో కాలు పెట్టొద్దన్నారు, పంపులు వేశారు. దేశంలో సైక్లాప్స్ ఇప్పటికీ ప్రతి చెరువులోనూ ఉంది, చేప పిల్లలకి తిండి పెడుతూ. జబ్బు లేదు. ఆ పురుగు ఎక్కడ పుడుతుంది, ఎవరిలోంచి ఎవరిలోకి పోతుందో విడమరిచి తెలుసుకున్నాకే అది సాధ్యమైంది. మా అపార్ట్‌మెంట్‌లో మేం కుట్టని పురుగుకీ కుట్టే పురుగుకీ తేడా తెలుసుకోకుండా డబ్బులు పోగేశాం. నాకు ఒళ్ళు మండింది అక్కడే.

ఒళ్ళు మండే సంగతి ఇంకోటి ఉంది, అది నా ఉద్యోగానికి సంబంధించింది. నేను చెప్పేది నీట్ పిల్లలకి. కాలేజీ పేరు వద్దు, ఈ ఊళ్ళో ఏది తీసుకున్నా ఒకటే. 'గ్లోకీడియం ఏ జీవి డింభకం?' అని అడిగితే అరవై మంది ఒకే గొంతుతో 'యూనియో' అంటారు, అర సెకను పట్టదు. గ్లోకీడియం అంటే మంచినీటి ఆల్చిప్ప పిల్ల. తల్లి దాన్ని నీటిలోకి వదిలితే అది చేప మొప్పకో రెక్కకో కరిచి పట్టుకుని కొన్ని వారాలు అక్కడే పెరిగి, తర్వాత జారిపడి అడుగున స్థిరపడుతుంది. పెద్దగా కదల్లేని ఆల్చిప్ప ఎగువకి ప్రయాణం చేసేది చేప వీపు మీద సవారీ చేసే. చేప వెళ్ళలేని చోటికి ఆల్చిప్పా వెళ్ళలేదు. ఆ ముక్క చెప్పి, "మన కృష్ణకి అడ్డంగా 1855లో ఆనకట్ట, 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చాయి కదా, ఆల్చిప్పకేమై ఉంటుంది?" అని అడిగితే క్లాసంతా నిశ్శబ్దం. "మేడమ్, ఇది సిలబస్సా?" అని వెనక బెంచీ నుంచి. బ్యారేజీ వీళ్ళ హాస్టల్ డాబా మీదికెక్కితే కనపడుతుంది.

అన్నట్టు ఆ 'యూనియో' కూడా మనది కాదు, యూరప్ పుస్తకాల్లోంచి దిగుమతైన పేరు. మన కాలువల్లో ఉండే ఆల్చిప్ప లామెల్లిడెన్స్. పరీక్షలో అలా రాస్తే మార్కు పోతుంది కాబట్టి నేనూ యూనియో అనే చెప్తాను.

నీలకంఠ రొయ్యదీ అదే కథ. తల్లి గుడ్లు మోసుకుని ఉప్పు కలిసిన నీళ్ళ దాకా దిగాలి, పిల్ల ఆ ఉప్పునీటిలో పెరిగి మళ్ళీ నదిలోకి ఎక్కి రావాలి. మధ్యలో గేట్లు. మార్కెట్‌లో ఇప్పుడు కిలో లెక్కన కొనే నీలకంఠం చాలావరకు హేచరీ పిల్లని చెరువులో పెంచినది. బ్యారేజీ కట్టకూడదని ఎవరూ అనరు, డెల్టా అన్నం తింటున్నది దాని వల్లే. ఎవరి దారి మూశామో తెలిసి ఉంటే చాలు, ఇంకో గోడ కట్టేముందు చెయ్యి కాస్త ఆగుతుంది.

ఇంకో గోడ అంటున్నది ఊరికే కాదు. వేసవిలో పూడిక తీసేటప్పుడు పొక్లెయిన్ కాలువ అడుగుని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా గీకేస్తుంది. గట్టున పోసిన బురద కుప్పలో ఆల్చిప్పలు నోరు తెరుచుకుని ఎండిపోవడం చూశాను. కుప్ప మీద కొంగలు, కాకులు. ముక్కు పై భాగానికీ కింది భాగానికీ మధ్య సందున్న నత్తగుల్ల కొంగ కూడా ఒకటి వచ్చింది, గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో గూళ్ళు కట్టే రకం. పూడిక తియ్యాలి, కాదనను. లేకపోతే చివరి పొలానికి నీళ్ళు పోవు. నేనడిగేది చిన్నది. మొత్తం ఒకేసారి గీకకుండా, వంద గజాలకి ఒకచోట పది గజాలు అడుగు వదిలేయండి. నీళ్ళు వదిలాక అక్కణ్ణుంచే మిగతా కాలువంతా మళ్ళీ నిండుతుంది. గట్లకి గోడ కట్టండి, పూలమొక్కలు పెట్టండి, లైట్లు పెట్టండి. అడుగుకి మాత్రం సిమెంటు పొయ్యకండి. నున్నటి సిమెంటులో ఆల్చిప్ప దిగబడలేదు. దాని మీద పేరుకునే మెత్తటి మురుగులో ఎర్ర పురుగు మాత్రం హాయిగా ఉంటుంది. అన్నిటికన్నా ముందు, ఇళ్ళ మురుగు గొట్టాలు కాలువలోకి వదలడం ఆపాలి. అది ఆగనంతకాలం పైన చెప్పినవన్నీ పై పూతలే. మా అపార్ట్‌మెంట్ గొట్టం ఎక్కడికి పోతుందని నేను మీటింగులో అడిగాను. లిఫ్టు రిపేరు మీదికి మాట మళ్ళింది.

జూన్‌లో కాలువకి నీళ్ళొచ్చిన వారానికి ఇద్దరు పిల్లలు నాతో వచ్చారు, ఆదివారం స్టడీ అవర్ ఎగ్గొట్టి. ఒకమ్మాయిది రేపల్లె. జల్లెడ ముట్టుకోవడానికి మొదట మొహం చిట్లించింది. నది ఒడ్డున ఆల్చిప్ప తనకే దొరికింది. పళ్లెంలో నీళ్ళు పోసి పెట్టాం. పది నిమిషాలు రాయిలా ఉంది. తర్వాత చిప్ప వెంట్రుకవాసి తెరుచుకుని, అంచున రెండు చిన్న రంధ్రాలు బయటపడ్డాయి. ఒకదాని ముందు ఇంత బురద నీళ్ళు చుక్కలుగా వేశాను. మసక మసకగా లోపలికి పోవడం ముగ్గురం చూశాం. "మేడమ్, రోజంతా ఇదే పనా దీనికి?" అంది ఆ అమ్మాయి. రోజంతా, రాత్రంతా కూడా అన్నాను. పావుగంట తర్వాత పళ్లెంలో నీళ్ళు తేరుకోవడం మొదలైంది. బస్సు టైమయిందని ఆ రెండో అబ్బాయి గొణుగుతూనే ఉన్నాడు, కదల్లేదు మాత్రం.

ఆ రాత్రి ఆంటీగారు నాకొక్కదానికే ఫోటో పంపారు, గ్రూపులో కాదు. గోడ మీద ఒక పురుగు, కింద మెసేజ్: "మేడమ్, ఇది వెనక కాళ్ళు ఎత్తింది. దోమేగా?" పెద్దది చేసి చూస్తే కాళ్ళ మీద తెల్ల చారలు కూడా ఉన్నాయి. డెంగీ దోమ. ఇది మురుగులో పుట్టదు, ఇళ్ళల్లో నిలవున్న మంచినీళ్ళలో పుడుతుంది. కిందికి దిగి వెళ్ళాను. కూలర్ చూశాం, ఎండిపోయి ఉంది. పూలకుండీల కింద పళ్లేలు చూశాం. చివరికి టీవీ పక్కన మనీ ప్లాంట్ పెట్టిన గాజు సీసా లైటుకి పెట్టి చూస్తే, వేళ్ళ మధ్య పది పన్నెండు పిల్లలు వంకర్లు తిరుగుతూ పైకీ కిందికీ. ఆవిడ ఒక్క క్షణం సీసా వైపు, ఒక్క క్షణం కిటికీ అవతల కాలువ వైపు చూసి, సీసా తీసుకుని గబగబా సింకు దగ్గరికి నడిచారు.

"పొయ్యకండి ఆంటీ," అన్నాను, "రేపు క్లాసుకి కావాలి. మీద ఒక గుడ్డ కట్టివ్వండి."